పండాడు: అర్థం, ప్రయోగం

నేను నిఘంటువులు రాసి బతికేవాణ్ణి. ఈ కాలంలో కూడా ఆ పని చేసేవాడొకడున్నాడని తెలిస్తే, పెళ్ళి భోజనాల్లో నా పక్కన కూర్చున్నవాళ్ళు జాలిపడి నాకు ఇంకో లడ్డూ వేయించేవారు. మా ఆవిడ హైమావతి మాత్రం శాస్త్రవేత్త. కాకినాడ బీచి రోడ్డులో ఉన్న భాషా పరిశోధనశాలకి ఆవిడే అధిపతి. నన్ను అందులో మాటల సలహాదారుగా పెట్టించిందీ ఆవిడే. ఇంట్లో ఆవిడ మాట, ఆఫీసులో ఆవిడ మాట, నాకు మిగిలింది తెలుగు మాట అనేవాణ్ణి. అప్పట్లో అందరూ నవ్వేవారు.

హైమ కనిపెట్టిన వస్తువు చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. మెడకి చుట్టుకునే మెత్తటి పట్టీ, దానికో చిన్న డబ్బా, డబ్బా మీద ఎర్రదీపం ఒకటి, పచ్చదీపం ఒకటి. మాట చెవిలో పడడానికీ, దాని అర్థం బుర్రకెక్కడానికీ మధ్య రెప్పపాటు సందు ఉంటుంది. ఆ సందులోనే ఒళ్ళు తన సంగతి తాను తేల్చేసుకుంటుంది. 'పాము' అనగానే గొంతు బిగుస్తుంది. 'సెలవు' అనగానే ఊపిరి వదులవుతుంది. మనకి తెలిసేసరికి అంతా అయిపోయి ఉంటుంది. పట్టీ ఆ రెప్పపాటుని చదివి, ఒళ్ళు బెదిరితే ఎర్రదీపం, నెమ్మదిస్తే పచ్చదీపం వెలిగించేది.

అక్కడితో ఆగలేదు. పిల్లల ఆసుపత్రిలో 'సూది' అన్న మాటకే గుక్కపట్టి ఏడ్చే పసివాళ్ళని చూసి హైమకి కడుపు తరుక్కుపోయింది. వాళ్ళకి జోల పాడుతున్నప్పుడు ఆవిడ ఒక సన్నటి నాదం వినిపించింది. కొన్నాళ్ళయ్యాక అదే నాదాన్ని 'సూది' అన్న మాటతో కలిపి వినిపించింది. మరో వారానికి నర్సు "సూది" అనగానే పిల్లలు ఆవులించడం మొదలుపెట్టారు. జోలలో ఉన్న హాయి వచ్చి సూదికి అతుక్కుపోయింది. మామిడి కొమ్మకి అంటుకట్టినట్టే ఉందని నేను దానికి అంటు అని పేరు పెట్టాను. పేపర్లవాళ్ళు కూడా ఆ పేరే వాడారు. ఆ రోజు హైమ ముఖం చూసి నాకు ఎంత గర్వం కలిగిందో చెప్పలేను.

సమీకరణ మండలి నుంచి కిరీటిగారు వచ్చింది ఆ తరవాతే. యుద్ధం మూడో వేసవిలోకి వచ్చింది. సైన్యంలో తమంతట తాము చేరేవాళ్ళు తగ్గిపోయారు. ఇరవై దాటిన ప్రతివాళ్ళలోంచీ కొందరిని తీసుకోవాలని చట్టం తయారవుతోంది. కిరీటిగారు మెత్తటి మనిషి, కుర్చీ అంచున కూర్చుంటాడు, ఆఫీసు బంట్రోతుని కూడా మీరు అంటాడు.

"మాకో మాట కావాలండి," అన్నాడు.

"దేనికండీ?"

"ఇలా తీసుకునేవాళ్ళని ఏమనాలి అని. ఇష్టం ఉన్నా లేకపోయినా వెళ్ళాల్సినవాళ్ళండి."

"దానికి మాట ఉంది కదండీ. నిర్బంధ సైనికుడు," అన్నాను.

కిరీటిగారు ఆ మాటని రెండుసార్లు నోట్లో తిప్పుకున్నాడు. "నోరు తిరగట్లేదండి," అన్నాడు.

"తిరక్కపోతే ఇంకోటుంది. వెట్టి సిపాయి. కూలీ ఇవ్వకుండా, కాదనే వీల్లేకుండా చేయించుకునే పనిని వెట్టి అంటారు కదా. అర్థం సూటిగా ఉంటుంది. ప్రయోగం కూడా ఇప్పుడే చెబుతాను, రాసుకోండి. 'వాణ్ణి వెట్టి సిపాయిగా పట్టుకుపోయారు.'"

హైమ నాకేసి గుడ్లురిమింది. కిరీటిగారు మాత్రం ఏమీ అనుకోలేదు. పరీక్షించి చూద్దామన్నాడు. ఊళ్ళోంచి మనుషుల్ని పిలిపించి పట్టీలు కట్టి నా మాట వినిపించాం. అందరికీ ఎర్రదీపమే. చేపల రేవులో పనిచేసే ఒకాయన పట్టీ పీకి బల్లమీద పడేసి, ఇలాంటి మాటలు వినడానికా నన్ను పిలిచారు అని కేకలేసి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం లోపల సంతోషం వేసింది. మాట పనిచేస్తోందంటే అదే కదా.

"మాట బావుందండి," అన్నాడు కిరీటిగారు. "కానీ అందులో 'పట్టుకుపోయారు' అని వస్తోంది. ఎవరు పట్టుకుపోయారు అని అడుగుతారు జనం. అది మాకొద్దండి."

ఆ తరవాత హైమ పని తిరగేసింది. మాట పుట్టించి పరీక్షించడం మానేసి, అందరికీ హాయినిచ్చే మాట ఏదో ముందు వెతుకుదామంది. వచ్చినవాళ్ళందరినీ చిన్నప్పటి కబుర్లు చెప్పమని అడిగింది. అమ్మ చేతి ముద్దలూ, బడి విడిచే గంటా, వాన సెలవులూ, అన్నీ వచ్చాయి. కానీ ముసలాళ్ళకీ, కాలేజీ పిల్లలకీ, ఆడవాళ్ళకీ, మగవాళ్ళకీ ఒకేలా పచ్చదీపం భగ్గున వెలిగిన చోటు ఒక్కటే దొరికింది. అది పంటలు వేసుకోవడం.

ఆట మొదలుపెట్టే ముందు ముగ్గురు పిల్లలు చేతులు కలిపి ఊపి, ఒక్కసారిగా అరచేయి వెల్లకిలానో బోర్లానో వేస్తారు. ఇద్దరివి ఒకలా ఉండి ఒకడిది వేరుగా ఉంటే వాడు పండినట్టు. పండినవాడు గంతేసి పక్కకి తప్పుకుంటాడు. ఇక వాడికి ఏ బాధా లేదు. అందరిలోకీ ముందు పండాలని ప్రతి పిల్లవాడూ గుండె చిక్కబట్టుకుని చెయ్యి వేస్తాడు. 'హమ్మయ్య, పండాను' అన్నప్పటి ఆ ఊపిరి ముసలితనం వచ్చినా ఒంట్లోంచి పోదని పట్టీ చెప్పింది.

"పండాడు," అన్నాడు కిరీటిగారు నెమ్మదిగా. "మీ అబ్బాయి పండాడు. మీ అమ్మాయి పండింది." అంటూనే ఆయన భుజాలు దిగాయి. నవ్వు కూడా వచ్చింది.

నాకు భయమేసింది. వ్యాకరణం తెలిసినవాడికి భయపడే కారణాలు వేరే ఉంటాయి. పట్టుకుపోవడానికి ఇంకొకడు కర్తగా ఉండాలి. పండడానికి అక్కర్లేదు. కాయ తనంతట తానే పండుతుంది. ఎవరూ ఏమీ చెయ్యలేదు. అకర్మక క్రియ.

ఆ సాయంత్రం ఇంట్లో గొడవపడ్డాం. మా అమ్మాయి మనస్వి కంచం ముందు కూర్చుని ఇద్దరినీ చూస్తోంది. పశువైద్యం రెండో ఏడు చదువుతోంది, దూడలకి మందు తాగించి తాగించి చేతులకి ఎప్పుడూ గాట్లే. ఈనెల్లో దానికి ఇరవై నిండుతాయి.

"ఎలాగూ వెళ్ళాల్సిందే కదా బావా," అంది హైమ. నేను ఆవిడకి మేనత్త కొడుకుని. "భయపడుతూ వెళ్ళడం కంటే భయం లేకుండా వెళ్ళడం నయం కాదా? సూది ఎలాగూ పొడుస్తారు. ఏడిపించకుండా పొడవడం తప్పా?"

"పొడవడం ఆపమని ఎవరూ అడగరు అప్పుడు."

"నీకు ప్రతిదీ మాటే."

"మాటే మరి. నిర్బంధం అన్న మాట పోతే నిర్బంధం పోయిందనుకుంటారే అందరూ."

మనస్వి మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కుని, "మీరిద్దరూ పంటలేసుకోండి, ఎవరు పండితే వాళ్ళు నెగ్గినట్టు," అంది. ముగ్గురం నవ్వేశాం. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

చట్టం వచ్చింది. దాన్ని చూసి దేశాలన్నీ మెచ్చుకున్నాయట. అందులో ఎక్కడా బలవంతం లేదు. పండినట్టు ఫోనులో పిలుపు వస్తుంది. వారం తిరిగేసరికి సమ్మతి సభకి వెళ్ళాలి. అక్కడ పట్టీ కట్టి ఆ మాట మళ్ళీ వినిపిస్తారు. ఒళ్ళు భయపడితే ఎర్రదీపం, ఇంటికి పోవచ్చు. ఒళ్ళు నెమ్మదిస్తే పచ్చదీపం, బండెక్కాలి. నోటితో చెప్పేది లెక్కలోకి రాదు. నోరు అబద్ధమాడుతుంది, ఒళ్ళు ఆడదు అని కిరీటిగారు టీవీలో చెప్పాడు. మనసొప్పని ఒక్క మనిషిని కూడా యుద్ధానికి పంపం అన్నాడు. వెనకాల హైమ ఆ మాటకి అంటుకట్టిన సన్నటి నాదం వినిపిస్తూనే ఉంది. అది అప్పటికే పొద్దుటి పాటల్లోనూ, బస్సుల్లోనూ, ఫోను మోగే ముందరా, అన్నిట్లోనూ చేరిపోయింది.

కొత్త నిఘంటువులో నిర్బంధ సైనికుడు అన్న మాట తీసేయమన్నారు. నేను తీయనన్నాను. అయితే మీరు సెలవు తీసుకోండి అన్నారు. సెలవు తీసుకున్నాను.

మా ఎదురు ఫ్లాట్లో వరహాలమ్మగారని ఒకావిడ ఉండేది. కొడుకు ధీరజ్ రొయ్యల చెరువుల దగ్గర ఉద్యోగం చేసేవాడు. మా మెట్లమీద మొదట పండింది వాడే. ఆవిడ పూతరేకులు పట్టుకుని అన్ని గుమ్మాలూ తిరిగింది. "మావాడు పండాడండీ," అని చెప్పినప్పుడల్లా ఆవిడ ముఖం విచ్చుకునేది. వాణ్ణి బండెక్కించి వచ్చిన రోజు మధ్యాహ్నం మా ఇంటికొచ్చి సోఫాలో కూర్చుంది.

"అమ్మా హైమా," అంది. "నాకు ఏడుపెందుకు రావట్లేదమ్మా? ఒక్కగానొక్క కొడుకు. రాత్రి వాడి చొక్కాలు మడతపెడుతూ ఏడుద్దామని కూర్చున్నాను. వాడు పండాడు కదా అనుకునేసరికి మళ్ళీ హాయిగా అయిపోతోంది. నేనేమన్నా రాకాసినా?"

హైమ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ వెళ్ళాక స్నానాలగదిలో పంపు తిప్పి చాలాసేపు లోపలే ఉండిపోయింది.

వానాకాలంలో ధీరజ్ పోయాడని కబురొచ్చింది. మండలి పంపిన కబురులో 'అమరుడయ్యాడు' అని ఉంది. వరహాలమ్మగారు ఆ మాట వాడలేదు. "మావాడు రాలిపోయాడండీ," అంది, అదేదో మామూలు విషయంలాగే. పండినవాడు రాలడం సహజం కదా. ఆ నెలలో ఊరంతా అదే మాట వాడింది. రాలాడు, రాలింది, రాలిపోయారు. హైమని అడిగాను, ఈ మాటకి కూడా అంటుకట్టారా అని. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి, "లేదు బావా. మేమసలు ముట్టుకోలేదు. దానంతటదే వచ్చింది," అంది. నిఘంటువులు రాసేవాడిగా నాకది వింతేం కాదు. మాట ఎప్పుడూ ఒంటరిగా ఇల్లు మారదు. కానీ ఆ రోజు నా భయం నేను హైమకి సరిగ్గా చెప్పలేకపోయాను.

మనస్వికి పిలుపు ఒక ఆదివారం పొద్దున వచ్చింది. అది గుమ్మం దగ్గర చెప్పుల బురద గీరుకుంటోంది. ఫోను బల్లమీద ఉంది. సన్నటి నాదం, తరవాత ఒక ఆడగొంతు. "మనస్వి పండింది."

నా ఊపిరి వదులైంది. నిజం చెబుతున్నాను, నా కూతురు యుద్ధానికి పోతోందని తెలిసి నా ఛాతీలో బరువు దిగిపోయింది, పెదాలు విచ్చుకున్నాయి. హైమ వంటింటి గుమ్మంలో నవ్వుతూ నిలబడింది. మనస్వి చేతులు దులుపుకుని "హమ్మయ్య" అంది. ముగ్గురం ఒకరి నవ్వు ఒకరం చూసుకున్నాం. ముందు హైమ నవ్వు ఆగిపోయింది. చేతిలో గరిటె జారి పడింది.

"నాన్నా, నాకు వెళ్ళాలని లేదు," అంది మనస్వి, ఇంకా నవ్వు ముఖంతోనే. "నిజంగా లేదు నాన్నా. కానీ ఒంట్లో ఎక్కడా లేదు ఆ సంగతి. చూడు, చేతులు కూడా వణకట్లేదు."

హైమ మండలికి వెళ్ళి వాళ్ళ కాళ్ళావేళ్ళా పడింది. తన పట్టీ, తన నాదం, తన కూతురు. కిరీటిగారు కుర్చీ అంచున కూర్చునే, ఎంతో బాధపడ్డాడట. అమ్మాయి ఒళ్ళు వద్దంటే మేమే ఇంటిదగ్గర దింపుతామండి అన్నాడట.

"అంటు విడదీయొచ్చు," అంది హైమ ఇంటికి రాగానే. "నాదంతో కాదు, నాదం వాళ్ళ చేతుల్లో ఉంది. ఆట ఆడించాలి. పండిన ప్రతిసారీ హాయికి బదులు భయం రావాలి. అలా చాలాసార్లు జరగాలి. సభనాటికి ఎర్రదీపం వెలిగేంత భయం."

వేపరసం తాగిస్తే సరిపోతుందేమో అన్నాను. చేదు సరిపోదంది. అది నిజంగా భయపడేది ఏదో మాకిద్దరికీ తెలుసు. ఆరేళ్ళప్పుడు మనస్వి లిఫ్టులో ఇరుక్కుపోయింది. కరెంటు వచ్చేదాకా చీకట్లో అరిచి అరిచి గొంతు పోయింది. ఇప్పటికీ ఎన్ని అంతస్తులైనా మెట్లెక్కే వెళ్తుంది. మా ఇంట్లో వంటింటి పక్కన సామాన్ల గది ఉంది. కిటికీ లేదు.

మేం వద్దంటుంటే మనస్వే ముందుకొచ్చింది. "దూడకి కడుపులో పురుగులకి మందు పోసేటప్పుడు నేనూ ఇలాగే పట్టుకుంటాను కదమ్మా," అంది.

హాల్లో సోఫాలు వెనక్కి జరిపి ముగ్గురం నిలబడ్డాం. నాకు యాభై దాటాయి, హైమకి మోకాళ్ళ నొప్పులు. చేతులు కలిపి ఊపాం. మొదటిసారి వెయ్యగానే ముగ్గురికీ నవ్వొచ్చింది. మనస్వి పండింది. దాన్ని గదిలోకి పంపి బయట గడియ పెట్టాను. కాసేపటికి తలుపు మీద చిన్నగా కొట్టింది. తరవాత గట్టిగా కొట్టింది. "నాన్నా, చాలు. నాన్నా." హైమ చెయ్యి అడ్డం పెట్టింది, ఇంకాసేపు అన్నట్టు. నేను గడియ మీద వేలు పెట్టి నిలబడ్డాను. నా జన్మలో అంత నీచంగా ఎప్పుడూ అనిపించలేదు.

ఆ వారమంతా అదే పని. అది పండకపోతే మాకు పని జరగదు కాబట్టి, హైమా నేనూ కళ్ళతోనే మాట్లాడుకుని ఇద్దరం ఒకేలా చెయ్యి వేసేవాళ్ళం. దానిది వేరుపడిన ప్రతిసారీ "మనస్వి పండింది" అని నేను అనాలి, గడియ పెట్టాలి. అమ్మా నాన్నా ఒకటైపోయి తనని గదిలోకి తోస్తున్నారని దానికి తెలుసు. తెలిసే చెయ్యి చాచేది. నాలుగో రోజుకి నవ్వు పోయింది. తరవాత మాట అనకముందే పెదాలు తెల్లబడడం మొదలైంది. శనివారం హైమ పాత పట్టీ ఒకటి తెచ్చి దాని మెడకి కట్టింది. నేను ఆ మాట అన్నాను. ఎర్రదీపం వెలిగింది.

హైమ దాన్ని గట్టిగా కావిలించుకుని ఏడ్చింది. నేను వెళ్ళి సామాన్ల గది తలుపు మడతబందులు ఊడదీసి పారేశాను.

సభ ఒక కల్యాణమండపంలో పెట్టారు. వధూవరులు కూర్చునే వేదిక మీద బల్ల, బల్ల వెనక కిరీటిగారు, పక్కన మైకు పట్టుకుని ఒక అమ్మాయి. కింద కుర్చీల నిండా పండినవాళ్ళూ, వాళ్ళ అమ్మానాన్నలూ. అందరూ కులాసాగా ఉన్నారు. వరహాలమ్మగారు కూడా వచ్చింది, మేనల్లుడు పండాడట. ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు, పట్టీ కడుతున్నారు, మాట అంటున్నారు, పచ్చదీపం. వెనక వాకిట్లో బండి ఆగి ఉంది.

మనస్వి వేదిక ఎక్కింది. పట్టీ కట్టారు. మైకు అమ్మాయి "మనస్వి పండింది" అంది.

ఎర్రదీపం.

అక్కడివాళ్ళెవరూ ఆ దీపం వెలగడం చూసి ఉండరు. మళ్ళీ ఒకసారి అనమన్నాడు కిరీటిగారు. అంది. ఎర్రదీపమే. హైమ నా మణికట్టుని గోళ్ళు దిగేలా పట్టుకుంది.

కిరీటిగారు లేచి నిలబడి మనస్వికి నమస్కారం పెట్టాడు. "చట్టం చట్టమేనండి. అమ్మాయిని పంపించం. ఇంటికి తీసుకెళ్ళండి," అన్నాడు. మోసమేమీ లేదు ఆయన మాటలో. నాకు కాళ్ళమీద పడాలన్నంత కృతజ్ఞత కలిగింది. గెలిచాం అనుకున్నాను.

ఫలితం మైకులో చెప్పాలి కదా. ఇప్పటిదాకా అవసరం రాలేదు కాబట్టి దానికి మాట తయారుచెయ్యలేదు ఎవరూ. మైకు అమ్మాయి కాస్త తడుముకుని, "మనస్వి... మనస్వి పండలేదు," అంది.

ముందు వరసలో పంచె కట్టుకున్న ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయన మనస్వికేసి చూపుడువేలు చాపాడు. కోపంగా కాదు. కళ్ళలో మెరుపుతో, చిన్నపిల్లాడిలా.

"దొంగ," అన్నాడు.

పంటల్లో పండనివాళ్ళని ఏమంటారో తెలుగు గడ్డమీద పుట్టినవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. చివరికి మిగిలిపోయినవాడే దొంగ. దొంగ కళ్ళు మూసుకుంటే మిగతావాళ్ళు దాక్కుంటారు. దొంగ వస్తే పరిగెత్తుతారు. దొంగ ముట్టుకుంటే తామే దొంగలవుతారు. కుర్చీలు ఒక్కసారి కిర్రుమన్నాయి. మనస్వి వేదిక దిగుతుంటే ముందు వరస లేచి వెనక్కి జరిగింది. తరవాతి వరస కూడా జరిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, హాలు హాలంతా లేచి పరుగెత్తింది. చీరలు ఎత్తిపట్టుకుని, చెప్పులు వదిలేసి, పెద్దవాళ్ళూ ముసలాళ్ళూ స్తంభాల వెనక్కీ, వంటశాలలోకీ, బండి చాటుకీ పోయారు. కిరీటిగారు బల్ల కింద దూరాడు. వరహాలమ్మగారు కర్టెను వెనక నిలబడి కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆవిడ పాదాలు బయటికి కనిపిస్తూనే ఉన్నాయి.

"ఒక్క మాటకే కట్టాను బావా," అంది హైమ. "ఒక్క మాటకే. ఆట మొత్తం వచ్చేసింది."

నాకు తెలుసు. మాట ఎప్పుడూ ఒంటరిగా రాదని నాకు తెలిసీ, దీనికి వ్యతిరేక పదం ఏమిటని ఒక్కసారి కూడా వెతకలేదు.

ఇంటికి నడిచే వచ్చాం. ఆటోలు మమ్మల్ని చూసి వేగం పెంచాయి. కబురు మాకంటే ముందు వీధికి చేరింది. పాలవాడు సైకిలు పడేసి గోడ దూకాడు. మనస్వి కాలేజీ స్నేహితురాళ్ళు ఫోను ఎత్తి కిలకిల నవ్వి పెట్టేశారు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ రాయి వెయ్యలేదు. తిడితే బాగుండేది. తిట్టినవాడితో పోట్లాడొచ్చు. దాక్కున్నవాడితో ఏం చేస్తాం?

రెండో రోజు సాయంత్రానికి మా మెట్లమీద ఫ్లాట్లన్నిటికీ తలుపులు బిగించేశారు. వెనక మనుషులు ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు తెలుస్తూనే ఉంది. మనస్వి హాలు మధ్యలో కూర్చుంది. అన్నం తినలేదు.

"ఇంకొకళ్ళని ముట్టుకుంటే నేను దొంగని కానట నాన్నా," అంది. "ఒళ్ళు అలా అంటోంది. కిటికీలోంచి మనుషుల్ని చూస్తుంటే కాళ్ళు లాగుతున్నాయి. ముట్టుకుంటే వాళ్ళకిలా అయిపోతుంది కదా. అందుకని కూర్చున్నాను."

"ఊరు వదిలి వెళ్దాం తల్లీ. తెలుగు రాని చోటుకి," అన్నాను. అది తప్ప నాకు ఇంకేమీ తోచలేదు. హైమ పెరుగు తెస్తానని కిందికి వెళ్ళింది, ఇంకా రాలేదు. వచ్చాక సామాను సర్దాలి.

మనస్వి లేచి నిలబడింది. ముఖం పీక్కుపోయి, ఆరేళ్ళప్పుడు లిఫ్టులోంచి తీసినప్పటిలా ఉంది.

"నాన్నా," అంది. "రెండు రోజులైంది నన్నెవరూ ముట్టుకుని. ఒక్కసారి చెయ్యి పట్టుకోవా?"

ఒక అడుగు వేసి చెయ్యి చాచింది.

నా కూతురికంటే నాకెవరూ ఎక్కువ కాదు. దాని చెయ్యి పట్టుకోవాలనే నేను లేచాను. ఆ సంగతి దేవుడి ముందైనా చెబుతాను. కానీ లేచిన కాళ్ళు గుమ్మంకేసి తిరిగాయి. తలుపు తోసుకుని, మెట్లు రెండేసి చొప్పున దూకి, కింద నీళ్ళ మోటారు గది వెనక సందులో దూరాను. గోడకి వీపు ఆనించి నోరు నొక్కుకున్నాను. గుండె దడదడలాడుతోంది. ఆ దడలో ఒక ఆనందం కూడా ఉంది. దొరకలేదు, హమ్మయ్య, దొరకలేదు.

పక్కన చీకట్లో ఎవరో కదిలారు. హైమ. పెరుగు గిన్నె ఒళ్ళో పెట్టుకుని ముడుచుకుని కూర్చుంది. ఎప్పుడు వచ్చి దాక్కుందో తెలియదు. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది.

పైన మా హాల్లో మనస్వి అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. గట్టిగా, ఏడుస్తూ, ఒక్కో అంకె తరవాత కాస్త ఆగి. మేమిద్దరం ఇంకొంచెం లోపలికి జరిగాం.